సర్ ఆర్థర్ కాటన్ దొరవారు – తీరరక్షణము

కృష్ణా గోదావరీ మండలములయందు కాటన్ దొరవారి పేరెరుగనివారుండరు. అయినను ఆయనను నదులకు ఆనకట్టలు గట్టించిన మహాపురుషునిగా నెరిగినంతగా, సముద్రముతో తలపడిన యింజనీరుగా నెరిగినవారు మిక్కిలి తక్కువ. ఆ కొరతను కొంత తీర్పవలెనని మేమీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి. కృష్ణాజలములు త్రాగి పెరిగిన మన సంఘీయులకిది పరాయికథ కాదు.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. అడిస్‌కోంబునందలి కుంపిణీవారి సైనిక పాఠశాలలో చదివి, 1819లో చెన్నపట్నపు ఇంజనీర్ల దళమున ప్రవేశించి, 1821లో మన దేశమునకు వచ్చెను. తొలినాళ్లలో ఆయనకప్పగించిన పనులలో నొకటి రామేశ్వరము చెంతనున్న పాంబను జలసంధిని పరిశీలించుట. ఓడలు దాటుటకు వీలగు లోతు ఎచ్చటనున్నది, ఇసుకయు రాయియు ఎచ్చట అడ్డుపడుచున్నవి యని కొలిచి తెలిసికొనుట ఇరువదేండ్ల ప్రాయమున ఆయనకు లభించిన విద్య. పిమ్మట బర్మాయుద్ధమున పాల్గొని, కావేరీతీరమునకు పోయి, 1836లో కొల్లడమునకు ఆనకట్టలు గట్టించెను. కరికాలచోళుడు నిర్మించెనని ప్రసిద్ధిగాంచిన కల్లణై యచ్చట ఆయనకు గురువాయెను. గట్టిపునాది లేని ఇసుకనేలపై రాళ్లబరువుతోనే కట్టను నిలుపవచ్చునను రహస్యమును ఆయన దానివలన గ్రహించెను. సీమదొర మన పూర్వులకు శిష్యుడయ్యెననుట మాకు గర్వకారణము, దానిని దాచనేల?

గోదావరీ కార్యమునకు పూర్వమే కాటన్ విశాఖపట్టణమున నుండి, సముద్రము పట్టణపు తీరమును కోసివేయుచుండుట గాంచి, ఒడ్డునుండి కెరటములలోనికి చొచ్చునట్లు అడ్డుకట్టలు వేయించెను. ఆ రేవునకు ప్రణాళికలును సిద్ధపరచెను. ఈ కట్టల మర్మమును కొంచెము వివరింపవలెను. మన తూర్పుతీరమున నైరృతి ఋతుపవనకాలమున కెరటములు ఏటవాలుగా వచ్చి ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు మోసికొనిపోవును. అడ్డుకట్ట ఆ ఇసుకను తన దక్షిణపార్శ్వమున నిలుపును. అచ్చట తీరము పెరుగును. కాని ఉత్తరమునకు చేరవలసిన ఇసుక చేరకపోవుటచే అచ్చట కోత యారంభమగును. చెన్నపట్నమున 19వ శతాబ్దాంతమున రేవు నిర్మించిన పిదప దక్షిణమున మెరీనా ఇసుకమేట విస్తరించుటకును, ఉత్తరమున రాయపురపు ఒడ్డు కోతపడుటకును ఇదియే హేతువు. ఆ రేవు అలలకట్టలే 1881 తుపానులో ఛిన్నాభిన్నములైనవి. కావున కట్ట గట్టినంతమాత్రమున పని ముగిసినదనుకొనరాదు.

ఈ విషయము బెజవాడ ఆనకట్టయందు మరింత స్పష్టము. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరవు పీడించిన తరువాత కృష్ణకు ఆనకట్ట కావలెనను తలంపు బలపడెను. కాటన్ పద్ధతినే యనుసరించి, ధవళేశ్వరమున ఆయన క్రింద పనిచేసిన కెప్టెన్ ఓర్ దీనిని 1852లో ఆరంభించి 1855లో ముగించెను. జనులు దీనిని గూడ కాటన్ ఖాతాలోనే వ్రాయుదురు. ఓర్ దొరకు చెందవలసిన భాగమును ఆయనకిచ్చుట న్యాయమని మా యభిప్రాయము. ఇంద్రకీలాద్రి, సీతానగరము కొండల నడుమ ఇసుకపై నిలిచిన యీ కట్టకు దిగువను రాళ్లు విస్తారముగా పరచిరి. కట్టపైనుండి దూకు వరదనీరు దిగువ ఇసుకను తొలుచును, అంచురాళ్లు గోతిలోనికి జారును, వానివెనుకనున్నవి కదలును. పైభాగము మాత్రము చెక్కుచెదరక కనబడుచుండును! అలలకట్ట పాదమును కెరటములు తొలుచు విధమును ఇట్టిదే.

కాబట్టి పరీక్షకుడు చూడవలసినది కట్టనెత్తి కాదు, కట్టపాదము. వరదకాలము గడచి నీరు తగ్గినంతనే, సముద్రమునందైనచో తుపాను శాంతించినంతనే, త్రాటికి గుండుగట్టి లోతులు కొలిచి, గతవత్సరపు కొలతలతో సరిచూచి, గోతిపడినచోట రాళ్లు వేయింపవలెను. అవసరమునకు రాతిగుట్టలు ఒడ్డున సిద్ధముగా నుండవలెను. నేడు గజయీతగాండ్రును, ధ్వనితరంగములతో లోతుదెలుపు యంత్రములును వచ్చినవి. చూడవలసిన చోటు మాత్రము మారలేదు. ఇట్టి మరమ్మతులకగు వ్యయము ఘనకార్యముగా కనబడదు, శిలాఫలకము లభింపదు, అందువలన దానికి ధనమిచ్చుటకు ఎల్లకాలమును వెనుదీయుదురు. ఓర్ కట్టించిన ఆనకట్ట దాదాపు నూరేండ్లు నిలిచి 1952 వరదలో తెగెను. దాని చెంతనే నిర్మింపబడిన ప్రకాశం బరాజు 1957లో ప్రారంభమయ్యెను.

మన బందరుకు మాత్రము చిరకాలము అలలకట్ట లేదు. ఓడలు దూరమున లంగరువేయగా పడవలపై సరుకు చేర్చెడివారు. కాలువల మూలమున బెజవాడ బందరుతో కలిసినను, రేవునకు నీడ కలుగలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన పట్టణముపై బడి సుమారు ముప్పదివేలమందిని బలిగొన్నది. రాతికట్ట యట్టి ఉప్పెననాపునని మేమనము. కాని యా తీరమెంత నిరాశ్రయమో ఆనాడు తెలిసివచ్చెను. 2023లో బందరున నూతనరేవు పనులారంభమై ఉత్తర దక్షిణములందు అలలకట్టలు వేయబూనిరి. ఇసుకనడకను ఏటేట కొలుచు ఏర్పాటు వానితోపాటే యుండవలెనని కోరుట అత్యాశ కాదు.

ఉప్పెననాటికి కాటన్ మన దేశమున లేడు. 1860లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోగా, 1861లో సర్ బిరుదము లభించినది. రైలుమార్గములకంటె జలమార్గములు, సాగునీరు మనకు మేలని వాదించి పలువురికి కంటగింపయ్యెను; 1878లో పార్లమెంటు సంఘము ఎదుట ప్రశ్నపరంపరను ధైర్యముగా నెదుర్కొనెను. తుదిదినములలో డార్కింగునందు భూమిని లోతుగా దున్ని పైరు పెంచు ప్రయోగములతో కాలము గడపి, 1899 జూలై 24వ తేదీన తొంబదియారవయేట దివంగతుడయ్యెను.