హాల్డేను పండితుడు

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో మేనరికము తరతరములనుండి వచ్చుచున్న ఆచారము. అక్క కూతురిని తమ్మునికి ఇచ్చుటయు, మేనత్త కొడుకునకు మేనమామ కూతురిని ఇచ్చుటయు బంధుప్రీతి చెడకుండుటకును, ఆస్తి చేతులు మారకుండుటకును పెద్దలు చేసికొనిన ఏర్పాటు. అట్టి కుటుంబమున ఒక బిడ్డ పుట్టుచెవుడుతోనో, మానని రక్తవ్యాధితోనో పుట్టెనా, లోకము వెంటనే తల్లిని దూరును, లేదా పూర్వపాపమనును. ఈ మాటలను మేము అనేక పర్యాయములు వినియున్నాము. రోగము తలిదండ్రులనుండి బిడ్డకు ఏ లెక్క ప్రకారము వచ్చునో విచారించిన పండితులలో అగ్రగణ్యుడగు జె. బి. యస్. హాల్డేను చరిత్రమును మా విద్యార్థులును, వారి తలిదండ్రులును ఎరుగుట మేలని తలచి ఇందు వ్రాయుచున్నాము.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేను 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఇంగ్లండు దేశమునందలి ఆక్స్‌ఫర్డులో జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేను శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. గనులలోని విషవాయువులు పనివారి ప్రాణములను ఎట్లు తీయునో తెలిసికొనుటకై ఆయన వానిని తానే పీల్చి చూచెడివాడు. కుమారుని కూడ గనిలోనికి దింపెను. ఒకనాడు వాయువు పైకప్పునకు చేరియున్న చోట బాలుని నిలిపి, నాటకమునందలి ఒక ప్రసంగమును వల్లింపుమనెను. బాలుడు కొంత వల్లించునప్పటికి ఊపిరాడక, కాళ్ళు సడలి నేలకు ఒరిగెను; క్రింద గాలి మంచిదగుటచే తేరుకొనెను. పుస్తకములో చదివిన పాఠము మరపు వచ్చును గాని, ఇట్టి పాఠము మరపు రాదు. ఇతరులను పరీక్షించుటకు ముందు తన్ను తాను పరీక్షించుకొనవలెనను నియమము తండ్రినుండియే ఆయనకు అలవడెను.

ఆయన ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డునందలి న్యూ కాలేజీలోను చదివి, గణితమునందును, పిదప గ్రీకు లాటిను విద్యలయందును ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడాయెను. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టము లేనేలేదు. మెండెల్ అను క్రైస్తవ సన్న్యాసి మఠపు తోటలో బఠానీ మొక్కలను పెంచి 1866లో ప్రకటించిన వంశానుక్రమ సూత్రములు అప్పటికి కొన్ని యేండ్ల క్రిందటనే, 1900లో, మరల వెలుగులోనికి వచ్చియుండెను. హాల్డేను తన చెల్లెలు నవోమితోను, స్ప్రంట్ అను మిత్రునితోను కలిసి చుంచెలుకలను పెంచి, కొన్ని గుణములు విడివిడిగా గాక జంటగా పిల్లలకు సంక్రమించునని కనుగొనెను. ఆ వ్యాసము 1915లో ప్రకటింపబడునప్పటికి మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండెను. స్ప్రంట్ యుద్ధమున మరణించెను. హాల్డేను ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను గాయపడి, కోలుకొనుటకై మన దేశమునకు పంపబడెను. భారతదేశముపై ఆయనకు ప్రీతి నాడే కలిగెను.

యుద్ధానంతరమున ఆయన కేంబ్రిడ్జిలో జీవరసాయనశాస్త్రమును, 1933నుండి లండను యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్రమును బోధించెను. 1937లో జూలియా బెల్ అను వైద్యురాలితో కలిసి ఆయన చేసిన పని చిరస్మరణీయము. కణములలోని క్రోమోజోములపై జన్యువులు దారమునకు గ్రుచ్చిన పూసలవలె ఉండును. ఒకే దారమున దగ్గరగా ఉన్న పూసలు సాధారణముగ కలిసియే బిడ్డకు చేరును. రక్తము గడ్డకట్టని హీమోఫీలియాయు, రంగులు గుర్తింపలేని వర్ణాంధత్వమును అట్లు కలిసి సంక్రమించునని వారు కుటుంబముల వంశవృక్షములను లెక్కించి చూపిరి. ఇట్టి జంటగుర్తు వేరు రోగములకును దొరకెనేని, ఏ బిడ్డకు ముందు రోగము వచ్చునో చెప్పవచ్చునని అప్పుడే సూచించిరి. అందుకు ఉదాహరణముగ పేర్కొనిన హంటింగ్టన్ వ్యాధికి జంటగుర్తు 1983లోను, జన్యువు 1993లోను దొరకెను. నేటి జన్యుపరీక్షకు ఇది ఒక పునాది.

1938లో ప్రకటించిన గ్రంథమున ఆయన మరియొక ఆలోచన చేసెను. కుండలు చేయువారిలో ఊపిరితిత్తుల జబ్బు అందరికిని రాక కొందరికే వచ్చుటకు పుట్టుకతో వచ్చిన దేహతత్త్వము కారణము కావచ్చునని ఊహించెను. మనిషిని బట్టి మందు అను నేటి వైద్యమునకు మూలమిట్టి ఊహయే. శస్త్రచికిత్సలో కండరములు సడలుటకిచ్చు సక్సినైల్‌కోలిన్ అను మందు అనేకుల దేహమున కొద్ది నిమిషములలో విరిగిపోవును. దానిని విరుచు ఎంజైము పుట్టుకతో లోపించినవారికి గంటలకొలది స్వయముగ ఊపిరాడదు. ఆర్యవైశ్యులలో ఈ లోపము ఇతరులకంటె హెచ్చుగ కనబడుచున్నదని పరిశోధకులు తెలిపిరి. ముందుగ తెలిసిన వైద్యుడు వేరు మందు వాడును. రోగి క్షేమముగ ఇల్లు చేరును.

అయితే ఈ జ్ఞానము రెండువైపుల పదునుగల కత్తి. జర్మనీ దేశమున 1933లో వంశరోగముల నెపమున మనుష్యులను బలవంతముగ సంతానహీనులను చేయు శాసనము పుట్టెను. హాల్డేను అట్టి శాసనములను, జాతిగర్వమును తన గ్రంథమున ఖండించెను. జర్మనీనుండి వెడలివచ్చిన గ్రూనెబర్గ్ అను యూదు శాస్త్రజ్ఞునకు తన విభాగమున చోటు కల్పించెను. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణింపగా, అట్టివారు ప్రాణములతో బయటపడు మార్గము వెదకుటకై పీడనపు గదిలో తానే కూర్చుండి వెన్నెముకకు దెబ్బ తినెను.

ఆయనయందు లోపములు లేవని మేము చెప్పము. సోవియట్ దేశమున లైసెంకో అనువాడు జన్యుశాస్త్రమును అణచివేయుచుండగా, కమ్యూనిస్టు పక్షముపై అభిమానముచే హాల్డేను చాలకాలము గట్టిగ ఖండింపలేదు. దైవమునందు ఆయనకు విశ్వాసము లేదు. అందు మేము ఆయనతో ఏకీభవింపము. అయినను సత్యమునకై దేహకష్టము నోర్చినవానిని గౌరవించుట మన ధర్మము.

1957లో ఆయన భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చి, భారతీయ వస్త్రములు ధరించి, శాకాహారియై, ఈ దేశపు పౌరుడాయెను. పిఠాపురమువాడగు ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడై, మీరాఖాన్ అను సహచరునితో ఆంధ్రప్రదేశమునందలి మేనరికములను విచారించి 1960నుండి వ్యాసములు ప్రకటించెను. ఆ లెక్క మన బాలురకును సులభమే. ప్రతి జన్యువును మనకు రెండు ప్రతులుగ ఉండును: తండ్రి ఇచ్చినది ఒకటి, తల్లి ఇచ్చినది ఒకటి. ఒకటి చెడినను రెండవది పని నడపుటచే పలు రోగములు బయటపడవు. తలిదండ్రులిరువురియందును ఒకే చెడుప్రతి దాగియున్నచో, ప్రతి బిడ్డకును రోగము వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. మేనమామను పెండ్లాడిన స్త్రీ బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులును ఒకే పూర్వీకుని ఒకే ప్రతినుండి వచ్చు అవకాశము ఎనిమిదింట ఒకటి. మేనత్త మేనమామల బిడ్డలు పెండ్లాడినచో పదునారింట ఒకటి. మేనరికపు బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యవంతులే. కాని అపాయము హెచ్చు. హిందూపురపు పట్టురైతు తాను పండించిన గూళ్ళనుండి గ్రుడ్లు తీయక, రెండు జాతుల సంకరపు గ్రుడ్లనే తెచ్చుకొనును. పురుగుల విషయమున చూపు జాగ్రత్తను కన్నబిడ్డల విషయమున చూపవలదా?

ఈ లెక్కలో తల్లికి ఎంత పాలో తండ్రికిని అంతే పాలు. పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులడిగినపుడు మన ప్రభువు అది వానిదియు కాదు, వాని కన్నవారిదియు కాదని చెప్పెను. ఆ మాటనే జన్యుశాస్త్రము తన భాషలో చెప్పుచున్నది.

హాల్డేను 1962నుండి భువనేశ్వరమున పరిశోధనాలయమును నడపెను. పురీషనాళమున క్యాన్సరు పుట్టగా భయపడక, జనులు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెనని హాస్యకవిత వ్రాసెను. 1964 డిసెంబరు 1వ తేదీన మరణించెను. ఆయన కోరిక ప్రకారము దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరెను. చిన్ననాట గనిలో ఆరంభమైన పరీక్ష మన తెలుగుగడ్డపై ముగిసెను.

తలిదండ్రులకు మా విన్నపము ఒక్కటి. పెండ్లిమాటలకు ముందు ఇరుకుటుంబములలోని రోగములను దాచక చెప్పుకొనుడు. అనుమానమున్నచో వైద్యుని అడుగుడు. హైదరాబాదునందలి జన్యుపరీక్షాకేంద్రములకు ఆయన దారి చూపగలడు. రోగముతో పుట్టిన బిడ్డను మా బడికి పంపుడు. ఆ తల్లిని ఎవ్వరును నిందింపనీయకుడు.