మీర్ ఆలం: గుంటూరు సర్కారు పోయిన పిదప

నిజాము రాజ్యమునకు ఒకప్పుడు సముద్రతీరము ఉండెడిది. కొండవీటి సీమకు ముర్తజానగరు సర్కారని పేరు. ఇంగ్లీషువారు దానినే గుంటూరు సర్కారనిరి. ఈనాడు పత్తికిని మిరపకును పేరుగన్న ఆ నల్లరేగడి మైదానము, మోటుపల్లి రేవుతో గూడ, 1788లో నిజాము చేయి జారెను. అటుపిమ్మట కలకత్తాకు రాయబారియై వెళ్ళినవాడు మీర్ అబుల్ ఖాసిం. మీర్ ఆలం అను బిరుదుతో చరిత్రకెక్కినది ఆయనయే. హైదరాబాదులోని చెరువు పేరుగా ఆయనను ఎఱిగినవారు పెక్కురు. గుంటూరు కథలో ఆయన పాత్ర ఎఱిగినవారు అరుదు.

ఆయన 1752లో హైదరాబాదులో జన్మించెను. తండ్రి సయ్యద్ రజా ఇరాను దేశమందలి షుస్తర్ నుండి వచ్చిన షియా మతపండితుడు. శాస్త్రచింతనతో, ప్రార్థనతో కాలము గడపినవాడు. అరబ్బీ, పారశీక విద్యలు ఆ యింటి సొత్తు. నాటి దర్బారులలో లేఖలును సంధిపత్రములును పారశీకముననే నడచుచుండెను గనుక అట్టి యింటి బిడ్డ రాయబారి యగుట వింత కాదు. గుంటూరి భాస్కరమంత్రి మనుమడైన తిక్కన, మనుమసిద్ధి పక్షమున ఓరుగంటికి వెళ్ళెనను గాథ మనకు తెలిసినదే గదా! అబుల్ ఖాసిం నిజాం అలీఖాను మంత్రియైన అజీముల్ ఉమరా కొలువున కార్యదర్శిగా చేరెను. తరువాత అరస్తూ జా అని ప్రసిద్ధికెక్కిన మంత్రి ఇతడే.

గుంటూరు తగవు 1766 నాటిది. ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కినను, గుంటూరు మాత్రము నిజాము తమ్ముడు బసాలత్ జంగు వద్ద అతని జీవితాంతము ఉండవలెనని నాటి సంధిలో వ్రాసికొనిరి. అతడు 1782లో మరణించెను. నిజాము ఆఱేండ్లు జాగుచేసెను. మచిలీపట్టణమునకును చెన్నపట్టణమునకును నడుమ పరుల నేల ఉండుట కంపెనీకి కంటిలో నలుసు. మోటుపల్లి మార్గమున ఫ్రెంచివారు రాగలరను భయము వేఱు. 1788లో కెన్నవే అను దొర హైదరాబాదు వచ్చి అడిగెను. నిజాము ఇచ్చెను. వాసిరెడ్డివారు, మల్రాజువారు మున్నగు జమీందారులను గాని, భూమి దున్నువారిని గాని అడిగినవారు లేరు.

ఇక కలకత్తాలో అబుల్ ఖాసిం అడుగవలసిన వేమి? కంపెనీ చెల్లింపవలసిన పేష్కషు బకాయి ఒకటి. 1768 సంధిలో నిజామునకు వాగ్దానము చేసిన సైన్యసహాయము మఱియొకటి. అయితే 1784 నాటి పార్లమెంటు చట్టము గవర్నరు జనరలు తనంత తాను క్రొత్త మైత్రీసంధులు చేసికొనరాదని కట్టడి చేసియుండెను. కారన్‌వాలిసు ఉపాయము పన్నెను. 1789 జూలైలో నిజామునకు ఒక లేఖ వ్రాసి, అది పాత సంధికి వివరణ మాత్రమే యనియు, సంధితో సమానముగా కట్టుబాటు గలదనియు తెలిపెను. నిజాము కోరినప్పుడు రెండు పటాలములు పంపబడును. కంపెనీ మిత్రులపై మాత్రము వానిని ప్రయోగింపరాదు. ఆ మిత్రుల పేళ్ళు వరుసగా వ్రాయబడినవి: మహారాష్ట్ర ప్రభువులు, ఆర్కాటు, అయోధ్య నవాబులు, తంజావూరు, తిరువాన్కూరు రాజులు. మైసూరు టిప్పు సుల్తాను పేరు లేదు. ఆ లేని పేరే లేఖయందలి సారము.

ఫలము త్వరగానే కనబడెను. 1790లో నిజాము, పేష్వా, కంపెనీ ఏకమైరి. 1792లో శ్రీరంగపట్టణము నొద్ద టిప్పు వకీళ్ళతో బేరమాడిన మువ్వురిలో నిజాము పక్షమువాడు మీర్ ఆలమే. సగము రాజ్యమును, మూడుకోట్ల ముప్పది లక్షల రూపాయలును టిప్పు వదలుకొనెను. కడప, కంభము సీమలు నిజామునకు వచ్చినవి.

కాని ఆ లేఖకే రెండవ అంచు గలదు. 1794లో మీర్ ఆలం పూనాకు రాయబారియై వెళ్ళెను, తగవు తీఱలేదు. మఱునాడు సంవత్సరము ఖర్దా యుద్ధమున మహారాష్ట్రులు నిజామును ఓడించిరి. కంపెనీ పటాలములు కదలలేదు. మహారాష్ట్రులు జాబితాలోని మిత్రులైరి గదా! కలకత్తాలో సాధించుకొన్న పత్రమే నిజామునకు సంకెల యయ్యెను. మైసూరు నుండి దక్కిన సీమలు సైతము 1800లో సైన్యవ్యయము క్రింద కంపెనీకే పోయి దత్తమండలము లయ్యెను.

1799లో మైసూరు దండయాత్రలో నిజాము సేనను నడపిన మీర్ ఆలం, మఱుసటి యేడు ప్రాపు పోగొట్టుకొని నగరమునుండి వెడలగొట్టబడెను. అరస్తూ జా మరణానంతరము, 1804లో, కంపెనీ అండతో దివానుగా తిరిగి వచ్చెను. ఆయనను కంపెనీ పక్షపాతి యనువారు గలరు. ఆ మాటను త్రోసిపుచ్చుట కష్టము. అయినను బలహీనుడైన ప్రభువుకు దక్కగలిగినదానిని దక్కించిన నేర్పు ఆయనదే. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ ప్రభువుల చరిత్రయగు హదీఖతుల్ ఆలం అను పారశీక గ్రంథము ఆయన పేర వెలసినది.

తుదినాళ్ళలో కుష్ఠువ్యాధి ఆయనను పట్టుకొనెను. 1808లో మరణించెను. ఇరువదియొక్క కమానుల కట్టతో ఆయన కట్టించిన చెరువు, ఉస్మాన్ సాగరము వచ్చువఱకును నగరమునకు త్రాగునీరిచ్చెను.