పిఠాపురం బడి ఉద్యోగం వదిలేశాక...

డిగ్రీ చివరి సెమిస్టర్ అయిపోవస్తోంది. ఇంట్లో నాన్న బీఈడీ చెయ్యమంటారు, బాబాయి గ్రూప్-2 కోచింగ్‌లో చేరమంటారు, ఫ్రెండేమో హైదరాబాద్ వచ్చెయ్ అంటాడు. ఒకటి ఎంచుకుంటే మిగతావన్నీ చేజారిపోతాయేమోనని మీకు భయం. అలాగైతే వందేళ్ల కిందటి ఓ బీఏ కుర్రాడి సంగతి తెలుసుకోండి. ఆయన దేవులపల్లి కృష్ణశాస్త్రి. భావకవిగా పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. ఈసారి ఆయన్ని మీలాగే ఉద్యోగం వెతుక్కున్న మనిషిగా చూడండి.

ఇంట్లోనే ఉన్న దారి

కృష్ణశాస్త్రి 1897 నవంబరు 1న పిఠాపురం దగ్గర్లోని చంద్రంపాలెంలో పుట్టారు. తండ్రి, పెదతండ్రి పిఠాపురం సంస్థానంలో పేరున్న పండిత కవులు. కాబట్టి పద్యం ఆయనకు ఇంట్లోనే అబ్బింది. ఇంగ్లిష్ చదువు బయట దొరికింది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చదివేటప్పుడు ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం ఆయన మీద బలంగా పడింది. తర్వాత విజయనగరం వెళ్లి 1918లో డిగ్రీ పూర్తిచేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై. అంటే ఇప్పుడు మీకున్న వయసే.

రెండు బడులు

ఆ రోజుల్లో బీఏ అంటే చిన్న విషయం కాదు. అయినా ఆయన ముందు పెద్దాపురం మిషన్ హైస్కూల్లో మేష్టారుగా చేరారు. కొంతకాలానికి అది వదిలి బ్రహ్మసమాజం పనిలోకి వెళ్లారు. 1920లో వైద్యం కోసం రైల్లో బళ్లారి వెళ్తున్నప్పుడు కిటికీలోంచి చూసిన ప్రకృతే ‘కృష్ణపక్షం’ కావ్యానికి బీజమైంది. 1922లో భార్య చనిపోయారు. ఆ దుఃఖం ఆయన కవిత్వంలోకి వచ్చింది.

మళ్లీ పెళ్లయ్యాక సొంత ప్రాంతానికొచ్చి, పిఠాపురం హైస్కూల్లో చేరారు. ఇంటికి దగ్గర, నెల జీతం, గౌరవం. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా! కానీ ఆయన సంస్కరణ భావాలు రాజావారికి నచ్చలేదు. భావాలు మార్చుకుని ఉద్యోగం నిలుపుకోవాలా? ఉద్యోగం వదులుకోవాలా? ఆయన రెండోదే చేశారు. ఊరూరా తిరిగి కొత్త కవిత్వాన్ని వినిపించారు. సంఘ సంస్కరణ పనుల్లో తిరిగారు. అప్పుడాయనకు నెలనెలా చేతికొచ్చే బడి జీతం లేదు. ఈ మాట దాటేసి ఆయన కథ చెప్పడం మీకు మేలు చెయ్యదు.

ఒకే పని, వేర్వేరు చోట్లు

తర్వాత ఏమైందో చూడండి. 1930ల్లో తాను చదివిన కాకినాడ కళాశాలకే అధ్యాపకుడిగా వెళ్లారు. 1951లో బి.ఎన్.రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’ సినిమాకు పాటలు రాశారు. అప్పటికి యాభై దాటింది. 1957లో ఆకాశవాణిలో చేరారు. అప్పటికి అరవైకి దగ్గరపడ్డారు. మనం రిటైర్మెంట్ లెక్కలు వేసుకునే వయసులో ఆయన కొత్త ఉద్యోగంలో అడుగుపెట్టారన్నమాట.

బడి, సభావేదిక, కాలేజీ, సినిమా, రేడియో. పైకి చూస్తే ఐదు కెరీర్లు. లోపల ఉన్న పని ఒక్కటే: తెలుగు మాటను వినేవాళ్ల మనసుకు తాకేలా చెప్పడం. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొచ్చింది. 1960ల్లో గొంతు జబ్బుతో మాట పోయింది. వినసొంపైన గొంతుతో సభల్ని కట్టిపడేసిన మనిషికి అంతకన్నా దెబ్బ ఏముంటుంది? అయినా కాగితం మీద రాసి చూపిస్తూ మనుషులతో మాట్లాడారు, పాటలు రాస్తూనే ఉన్నారు. 1976లో పద్మభూషణ్ అందుకున్నారు. 1980 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆ తర్వాత 1982లో వచ్చిన ‘మేఘసందేశం’లోనూ ఆయన పాటలున్నాయి.

మీరేం చేయొచ్చు?

ఇది చదివి చేతిలో ఉన్న ఆఫర్ వదిలెయ్యమని కాదు. ఇంట్లో అప్పులుంటే, తమ్ముడి ఫీజు మీరే కట్టాల్సి ఉంటే ముందు జీతం వచ్చే ఉద్యోగమే చూసుకోండి. తప్పేం లేదు. కృష్ణశాస్త్రి కూడా మొదట జీతం వచ్చే బడిలోనే చేరారు.

కాకపోతే ఓ కాగితం తీసుకుని రెండు ప్రశ్నలు రాసుకోండి. ఏ ఉద్యోగంలోకి వెళ్లినా నాతోపాటు వచ్చే పని ఏది? లెక్కలా, రాతా, నలుగురికి అర్థమయ్యేలా చెప్పడమా, చేతిపనా? రెండోది, ఉద్యోగం కోసం నేను వదులుకోలేనిది ఏది? మొదటిదానికి జవాబు దొరికితే రోజూ ఓ గంట దానికివ్వండి. రెండోదానికి జవాబు దొరికితే, ఎప్పుడో ఓ రోజు ఉద్యోగం మారాల్సి వచ్చినప్పుడు కంగారు పడరు. మొదటి ఉద్యోగం మీ జీవితం మొత్తాన్నీ తేల్చెయ్యదు. పిఠాపురం మేష్టారి విషయంలోనూ తేల్చలేదు.