వెలుగు తెరను వెదకి, కిరణాలను విడిచిన ఎడిసన్

న్యూఢిల్లీ: విద్యుద్దీపం, ఫోనోగ్రాఫు అనగానే స్ఫురించే థామస్ ఆల్వా ఎడిసన్‌కు ఎక్స్-రే చరిత్రలోనూ ముఖ్యమైన స్థానమున్నది. ఢిల్లీలోని ఎయిమ్స్ మొదలుకొని జిల్లా ఆసుపత్రుల వరకు నేడు ఎక్స్-రే చిత్రం క్షణాలలో సిద్ధమవుతున్నది. ఇందుకు యంత్రశక్తితో పాటు, కంటికి కనబడని కిరణాలను వెలుగుగా మార్చే ఒక పలుచని పొర కూడా కారణం. అటువంటి పొరకు తగిన పదార్థాన్ని ఎంచడంలో ఎడిసన్ చేసిన కృషి, దానికి ఆయన ప్రయోగశాల చెల్లించిన మూల్యం నేటికీ స్మరణీయాలు.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, మిలన్ పట్టణంలో జన్మించారు. పాఠశాల చదువు స్వల్పమే. బాల్యం నుంచే వినికిడి లోపం వెన్నాడింది. తంతి కార్యాలయాలలో పనిచేస్తూ విద్యుత్ శాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించారు. 1877లో ఫోనోగ్రాఫును, 1879లో ఆచరణయోగ్యమైన విద్యుద్దీపాన్ని లోకానికి అందించారు. అమెరికాలో ఆయన పొందిన పేటెంట్లు 1,093.

1895 నవంబరులో జర్మనీ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నారు. ఆ వార్త కొన్ని వారాలలోనే ఖండాంతరాలకు పాకింది. శాస్త్రజ్ఞులతో పాటు ఫోటోగ్రాఫర్లు, విద్యుత్ పనివారు, ఔత్సాహికులు సైతం గాజు నాళాలు సమకూర్చుకొని ప్రయోగాలకు పూనుకున్నారు. అయితే ఫోటో పలక ఈ కిరణాలలో అత్యల్ప భాగాన్ని మాత్రమే గ్రహించగలదు. అందువల్ల ఒక్క చిత్రానికి గంటసేపు కూడా నిరీక్షించవలసి వచ్చేది.

కిరణాలు సోకినప్పుడు వెలిగే తెరను పలకకు ఆనించి ఉంచితే, ఆ వెలుగే పలకపై ముద్ర వేస్తుంది. 1896 ఫిబ్రవరిలో కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ పుపిన్ ఈ పద్ధతిని అనుసరించారు. తుపాకి రవ్వలు దిగిన ఒక న్యాయవాది చేతి చిత్రాన్ని కొద్ది సెకన్లలోనే తీయగలిగారు. ఆయన వాడిన తెర ఎడిసన్ పంపినదే.

ఎడిసన్ అంతటితో తృప్తి చెందలేదు. న్యూజెర్సీలోని వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాలలో వేలాది లవణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, రాంట్‌జెన్ వాడిన బేరియం ప్లాటినోసైనైడ్ కన్న కాల్షియం టంగ్‌స్టేట్ మెరుగని నిర్ధారించారు. దాని నీలి వెలుగు ఫోటో ఫిల్ముకు చక్కగా అనుకూలించింది. తెరల ఎంపికలో ఒక చిక్కు ఉన్నది. పూత మందమైతే వెలుగు పెరిగి కిరణాల మోతాదు తగ్గుతుంది, కాని చిత్రపు అంచులు మసకబారుతాయి. పలుచనైతే స్పష్టత హెచ్చుతుంది, మోతాదు పెరుగుతుంది. తెర వెలుగు రంగు ఫిల్ముకు సరిపడకుంటే రెండూ వృథాయే. 1970 దశకంలో గాడోలినియం వంటి అరుదైన భూమూలకాల తెరలు వచ్చేవరకు టంగ్‌స్టేట్‌దే ఆధిక్యం.

అదే తెరతో ఎడిసన్ ఫ్లోరోస్కోప్‌ను రూపొందించి, 1896 మే నెలలో న్యూయార్క్ విద్యుత్ ప్రదర్శనలో ఉంచారు. సందర్శకులు బారులు తీరి తమ చేతి ఎముకలను తామే చూసుకొని విస్మయం చెందారు. ఆ వేడుక వెనుక ఉన్న ప్రమాదాన్ని అప్పటికి చాలామంది గుర్తించలేదు.

ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ గాజు పనిలో నేర్పరి. నాళం సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకొనుటకు ఆయన నిత్యం తన చేతినే కిరణాలకు అడ్డుపెట్టేవారు. క్రమంగా చర్మం కాలి, పుండ్లు పడి, అవి క్యాన్సర్‌గా మారాయి. శస్త్రచికిత్సలతో రెండు చేతులనూ తొలగించినా వ్యాధి ఆగలేదు. 1904లో, నలభై ఏళ్లయినా నిండకముందే, డాలీ కన్నుమూశారు. ఎక్స్-కిరణాల పరిశోధనలో అమెరికాలో బలియైన తొలి వ్యక్తులలో ఆయన ఒకరు.

తన కంటికీ హాని కలిగిందని గ్రహించిన ఎడిసన్ 1903 నాటికే ఆ పరిశోధనలకు స్వస్తి పలికారు. టంగ్‌స్టేట్ పూతతో తయారుచేయదలచిన దీపాన్నీ విరమించుకున్నారు. ఫలితం లభించేవరకు పట్టువిడువని వ్యక్తిగా పేరొందిన ఆయన, ఈ ఒక్క విషయంలో భయపడి వెనుదిరిగారు. ఆ భయం సహేతుకమైనది. 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజ్‌లో ఆయన తుదిశ్వాస విడిచారు.

నేటి డిజిటల్ యంత్రాలలోనూ సీజియం అయొడైడ్ లేదా గాడోలినియం సమ్మేళనపు పొర కిరణాలను వెలుగుగా మారుస్తూనే ఉన్నది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలోనైనా, తెలుగు నాట నైనా ఎక్స్-రే పరికరం నడపగోరువారికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. ఎంత మేలైన తెరను ఎంచుకున్నా సీసపు రక్షణ, తగిన దూరం లేనిదే కిరణాలను వెలువరించరాదు. ఈ నియమాలు ఏర్పడక పూర్వమే డాలీ తన చేతులను పోగొట్టుకున్నారు.