డోర్నకల్ అజరయ్య గారు – క్రియలుగల విశ్వాసము

విశ్వాసమును గూర్చి ప్రసంగించుట సులభము. స్వదేశమును విడిచి బయలుదేరిన అబ్రాహామును గూర్చి నేను ఎన్ని ఆదివారములు బోధించానో లెక్కలేదు. అయితే సోమవారం ఉదయం సంఘపు లెక్కల పుస్తకము తెరిచేసరికి ఆ అబ్రాహాము ఎటు పోయాడో తెలియదు. నిలువ ఎంత ఉన్నదో చూచుకొని, అంతమేరకే దేవుని నమ్మడం మనలో అనేకులకు అలవాటైపోయింది. ఈ శతాబ్ది సంచికలో నాకు దొరికిన నాలుగు పుటలలో, అట్లు కాక నిండు హృదయముతో దేవుని నమ్మి, ఆ నమ్మికను చేతలలో పెట్టిన ఒక దైవజనుని జీవితమును జ్ఞాపకము చేయగోరుతున్నాను. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమందలి వెల్లలన్‌విలై గ్రామములో జన్మించారు. తండ్రి గ్రామ సంఘ గురువు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివారు గాని పట్టా పుచ్చుకొనలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిలో ప్రవేశించి, దక్షిణ భారతదేశమంతటా తిరిగి యువకుల మధ్య సేవ చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడారు. జీతము, పేరు, స్నేహితులు, అన్నీ అమరిన జీవితము అది.

1902లో ఆయన సింహళమందలి జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తికులను సముద్రము దాటించి భారతదేశమునకు పంపుతుండుట చూచి సిగ్గుపడ్డారు. జాఫ్నా కంటె ఎంతో పెద్దదైన తిరునెల్వేలి సంఘము అంతవరకు బయటికి ఒక్కరినైనా పంపలేదు గదా అన్న బాధ ఆయన మనసును పట్టుకొన్నది. మరుసటి సంవత్సరము, 1903 ఫిబ్రవరిలో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుష్యులు భారతీయులే, ధనము భారతీయులదే, నిర్వాహము భారతీయులదే కావలెనన్నది దాని నియమము. విదేశపు ధనము లేనిదే మిషను నడువదని అందరును తలచిన కాలమది. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపించిన వారిలోను ఆయన ఒకరు.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి నైజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతమును ఎంచుకొన్నది. ఆ దినములలో అది అడవి, జ్వరములు, పేదరికము నిండిన సీమ. రైలు జంక్షను ఉన్నదన్న మాటే గాని, ఊళ్ళకు పోవాలంటే ఎడ్లబండ్లే దిక్కు. అజరయ్య గారు ఊరూరా తిరిగి, అక్కడికి పోయే యువకులెవరని అడుగుతూ వచ్చారు. ఆ పిలుపు ఒకనాడు ఆయన మీదికే తిరిగింది. ఇతరులను పొమ్మనుటకు నాకున్న హక్కేమిటి, నేను పోనక్కరలేదా అన్న ప్రశ్న మనస్సాక్షిని కుదురుగా ఉండనీయలేదు. 1909లో కార్యదర్శి పదవి వదలి, గురుత్వాభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పది అయిదు సంవత్సరాల వయస్సు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు మొదటినుంచి దిద్దుకొన్నారు.

మన విశ్వాసము అనేక పర్యాయములు ఇక్కడే ఆగిపోతుంది. దేవుడు పిలిచాడని ఒప్పుకొంటాము, కాని ఆ పిలుపు పక్కవానిది అనుకొంటాము. అజరయ్య గారు తాను ఇతరులకు చెప్పిన మాటకు తానే లోబడ్డారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయనకు మాటలాడే అవకాశము దొరికింది. విదేశీ మిషనరీలు భారతదేశమునకు చేసిన త్యాగమును ఆయన మనసారా పొగిడారు. వెంటనే, ఆ త్యాగముతోపాటు మాకు స్నేహితులను కూడ ఇయ్యండి, మమ్మును మీ సమానులుగా ప్రేమించండి అని వేడుకొన్నారు. వినినవారిలో కొందరు నొచ్చుకొన్నారు. తనను ఆదరించినవారి ముందే సత్యము పలుకుటకు దేవుని మీద నమ్మికగల హృదయము కావాలి.

భారతీయుని బిషప్పుగా చేయవలెనన్న ఆలోచనకు అనేకుల అభ్యంతరము ఎదురైనది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు ఆయన పక్షమున గట్టిగా నిలిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లో అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘములో ఆయన మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఆయన బ్రతికియున్నంత కాలము తన సొంత అధ్యక్ష ఖండమును ఏలిన భారతీయ బిషప్పు మరియొకరు లేరు. తాను తప్పితే తన జాతి అంతా అనర్హులని లోకము తీర్పు తీర్చును. అటువంటి భారమును ముప్పదిరెండు సంవత్సరములు మోశారు.

ఆయన పనిచేసినది ఎక్కువగా మాల, మాదిగ పల్లెలలో. లోకము తక్కువవారిగా ఎంచినవారు ఇచ్చువారు కాగలరని ఆయన నమ్మారు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలమీద తన చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమయని పలుకునట్లు నేర్పారు. గ్రామ ఉపదేశులను, వారి భార్యలను కూడ తర్ఫీదు చేశారు. స్త్రీల మధ్య సేవలో అన్బు అమ్మగారు ఆయనకు కుడిభుజము. పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడెల్ల తల్లులు దేవుని పేరట ఒక పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో వేసేవారు. కోతల పండుగకు ధాన్యము, కోళ్ళు, గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకొని పాటలతో వచ్చేవారు. పేదల సంఘము తన గురువులను తానే పోషించుకొనగలదని ఆ విధముగా రుజువైనది. ప్రభుభోజనపు బల్లయొద్ద కుల భేదము పాటించినవారిని మాత్రము ఆయన ఊరకనే విడువలేదు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథీడ్రల్‌ను చూచినవారికి ఆయన మనస్సు అర్థమవుతుంది. ఈ దేశపు గుడులను తలపించే రాతి స్తంభములు, మసీదులను తలపించే గుమ్మటములు, వాటితో సిలువ. డబ్బు చాలక ఆ కట్టడము ఏళ్ళ తరబడి సాగింది. ఆయన తొందరపడలేదు, ఆపనూ లేదు. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడింది.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు కావలెనన్న వాదము వచ్చినప్పుడు కూడ ఆయన ఒప్పుకొనలేదు. గోడ కట్టుకొని బ్రతికే సంఘము సాక్ష్యము పోగొట్టుకొనునని ఆయన నమ్మకము. మరొక ప్రక్క, మతాంతరీకరణను గూర్చి గాంధీగారి అభిప్రాయములతో భేదించుటకు వెనుదీయలేదు.

సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో కూడిన సభ మొదలుకొని ఆయన ప్రయాసపడ్డారు. అయితే ఫలమును చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఉద్భవించింది. వాగ్దానమును దూరమునుండి చూచి సంతోషించిన పితరులలో ఆయనను కూడ చేర్చవచ్చును.

ఒక సంగతి దాచక చెప్పాలి. నేను గురుత్వములో చేరిన క్రొత్తలో, ఒక పల్లెలో తుపానుకు ప్రార్థన మందిరపు కప్పు ఎగిరిపోయింది. సహాయము కోరుతూ ఉత్తరములు వ్రాసి, జవాబు కొరకు ఎనిమిది నెలలు కూర్చున్నాను. ఒక ఆదివారము కూలిపని చేసుకొనే ముసలి తల్లి, చిన్న బియ్యపు మూట నా పాదముల యొద్ద పెట్టి, అయ్యగారూ, దీనితో మొదలుపెట్టండి అన్నది. ఆ బియ్యము వెల ఒక్క రేకుకైనా చాలదు. కాని ఆ వారమే సంఘస్థులు వెదురు కొట్టుకొని వచ్చారు. రెండు నెలలలో కప్పు పడింది. నేను ప్రార్థించలేదని కాదు. ప్రార్థించాను, కాని చేయి కదపలేదు. ఆ తల్లి రెండూ చేసింది.

నూరేండ్లు నిండిన మన అధ్యక్ష ఖండమునకు భవనములున్నవి, పాఠశాలలున్నవి, ఆస్తులున్నవి. మన పితరులకు ఇవేవీ లేవు, పిడికెడు బియ్యము మాత్రము ఉన్నది. రాబోవు నూరేండ్లకు మనము ఏ కుండను నింపి పోవుచున్నామో ప్రతి సంఘము, ముందుగా ప్రతి గురువు, ప్రభువు సన్నిధిలో మోకరించి విచారించుకొనుదము గాక.