అంతరిక్షంలో జలుబు.. హ్యూస్టన్‌తో లొల్లి! హెల్మెట్ పెట్టుకోనన్న వ్యోమగామి వాలీ షిర్రా కథ

మెర్క్యురీ, జెమిని, అపోలో.. నాసా తొలి మూడు రకాల వ్యోమనౌకల్లోనూ ఎగిరిన ఒకే ఒక్కడు వాలీ షిర్రా. అంతటి మొనగాడిని ఆఖరి ప్రయాణంలో ముప్పుతిప్పలు పెట్టింది మాత్రం.. మామూలు జలుబు!

1923లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన షిర్రా నేవీ పైలట్. కొరియా యుద్ధంలో 90 సార్లు యుద్ధ విమానం నడిపారు. 1959లో నాసా ఎంపిక చేసిన తొలి ఏడుగురు వ్యోమగాముల్లో ఆయనా ఒకరు. 1962లో ఒంటరిగా భూమిని ఆరు చుట్లు చుట్టొచ్చారు.

ఇక 1968 అక్టోబర్ 11. అపోలో-1 అగ్నిప్రమాదంలో ముగ్గురు వ్యోమగాములు చనిపోయాక, మనుషులతో వెళ్తున్న మొదటి అపోలో ఇది. కెప్టెన్ షిర్రా. పైకెళ్లి 15 గంటలు గడిచాయో లేదో ఆయనకు జలుబు మొదలైంది. అంటే వైరస్ కూడా వాళ్లతోపాటే రాకెట్ ఎక్కేసిందన్నమాట. ఇరుకు క్యాబిన్, ముగ్గురూ పీల్చేది ఒకటే గాలి. పక్కనున్న డాన్ ఐసెల్‌కీ జలుబు పట్టుకుంది.

కింద జలుబు చేస్తే ముక్కు కారుతుంది. అక్కడ కారదు. శరీరానికి బరువే తెలియని చోట చీమిడి కిందికి దిగదు, ఉన్నచోటే పేరుకుపోతుంది. గట్టిగా చీదాలి. చీదితే చెవుల్లో నొప్పి. మాత్రలు మింగుతూ దాదాపు 11 రోజులు గడపాలి. చిరాకు రాదా మరి! టీవీ లైవ్ ఇప్పుడు కుదరదంటూ షిర్రా కంట్రోల్ రూమ్‌కి ఎదురుతిరిగారు. తర్వాత ఇచ్చిన ఆ లైవ్‌కే ఎమ్మీ అవార్డు రావడం వేరే సంగతి.

అసలు గొడవ తిరిగొచ్చేటప్పుడు. కిందికి దిగుతుంటే క్యాబిన్‌లో గాలి పీడనం పెరుగుతుంది. ముక్కు బిగిసిపోయి ఉంటే కర్ణభేరి పగిలే ప్రమాదం. హెల్మెట్ పెట్టుకుంటే ముక్కు మూసి చెవులు క్లియర్ చేసుకోవడం కుదరదు. హ్యూస్టన్ ఎంత చెప్పినా షిర్రా ససేమిరా అన్నారు. ముగ్గురూ హెల్మెట్ లేకుండానే దిగారు. చెవులకేం కాలేదు.

షిర్రా రిటైర్మెంట్ ముందే ప్రకటించేశారు కాబట్టి ఆయనకు పోయిందేమీ లేదు. ఐసెల్, వాల్టర్ కనింగ్‌హామ్‌లకు మాత్రం మళ్లీ అంతరిక్షయానం దక్కలేదు.

1969లో సిబ్బంది జలుబులతో అపోలో-9 ప్రయోగం మూడు రోజులు వాయిదా పడింది. 1970లో జర్మన్ మీజిల్స్ భయంతో కెన్ మాటింగ్లీని అపోలో-13 నుంచి తప్పించారు. దాంతో అపోలో-14 నుంచి ప్రయోగానికి ముందు 21 రోజులు వ్యోమగాములను జనానికి దూరంగా ఉంచడం మొదలైంది.

షిర్రా తర్వాత సీబీఎస్ చానల్‌లో వాల్టర్ క్రాంకైట్ పక్కన కూర్చుని చంద్రయాత్రలను వివరించారు. అంతరిక్షంలో తాను మింగిన జలుబు మాత్ర 'యాక్టిఫెడ్'కే టీవీ యాడ్స్‌లో నటించారు! 2007 మే 3న, 84 ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలో కన్నుమూశారు.