కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వెనుక మన భీమవరం డాక్టర్



పొద్దున మీ ఇంట్లో ఏం తింటారు? పాతబస్తీలో ఈ ప్రశ్నకు ఒక్క జవాబు రాదు. గౌలిపురా, లాల్‌దర్వాజా వైపు ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు. మొఘల్‌పురా, శాలిబండ వైపు ఖిచిడీ, ఖీమా, ఖట్టా. సెలవు రోజైతే నహారీ. కొందరికి ఫిల్టర్ కాఫీ పడితేనే కళ్ళు తెరుచుకుంటాయి. కొందరికి ఇరానీ చాయ్ లేకపోతే తలనొప్పి. స్కూల్ బస్సు ముందుగా వచ్చే ఇళ్ళలో వీటన్నిటికీ పోటీగా కార్న్‌ఫ్లేక్స్ డబ్బా కూడా వచ్చి చేరింది. దాంట్లోనూ ఎవరి ఇష్టం వారిది. అక్కకు చల్లటి పాలు పోయాలి, కరకరలాడాలి. తమ్ముడికి వేడి పాలు పోయాలి, మెత్తగా నానాలి. నాన్నకైతే అది అసలు టిఫినే కాదు.

వీటిలో ఏది గొప్పదో తేల్చడానికి ఈ నెల వ్యాసం రాయడం లేదు. ఆ డబ్బాను ఒకసారి పక్కకు తిప్పి చూడమని అడగడానికి రాస్తున్నాను. చాలా కంపెనీల డబ్బాల మీద విటమిన్ల పట్టికలో ఫోలిక్ యాసిడ్ అనో, ఫోలేట్ అనో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. మనం పట్టించుకోం. కానీ ఆ ఒక్క మాట వెనుక ఒక తెలుగువాడి జీవితం ఉంది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పిన విద్యార్థి.

అరటిపళ్ళు అమ్మబోయిన అబ్బాయి

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే మానుకోవడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లవాడికి చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇల్లు వదిలి బయలుదేరాడు. తల్లి ఊరుకోలేదు. వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది.

బడికి వెళ్ళినంత మాత్రాన మార్కులు వచ్చేయలేదు. మెట్రిక్ ఒకసారి పోయింది, రెండోసారి కూడా పోయింది. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి గట్టెక్కాడు. ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్. అక్కడ ఉండగా రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నాడు. మఠం పెద్దలు అమ్మ అనుమతి తెమ్మన్నారు. వెంకమ్మ ఒప్పుకోలేదు. సేవ చేయాలన్న కోరిక మాత్రం పోలేదు, అదే ఆయన్ని మద్రాసు మెడికల్ కాలేజీకి తీసుకెళ్ళింది. చదువుకు అయ్యే ఖర్చును పిల్లనిచ్చిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావుకు పెళ్ళయింది.

మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకుని వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ చేతికిచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పనిలో చేరారు.

ఆ ఇంటి మీద ఇంకొక దెబ్బ పడింది. ఆయన సోదరులు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తోడబుట్టినవాళ్ళు ఎందుకు పోయారో, తాను ఎలా బతికాడో తెలుసుకోవాలన్న తపన ఆయన్ని వదల్లేదు.

బోస్టన్‌లో రాత్రి పని

మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం కలిపి అమెరికా ఓడ ఎక్కారు. బోస్టన్‌లో హార్వర్డ్ ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరారు. చేతిలో డబ్బు నిలవలేదు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. డాక్టర్ చదువు చదివిన మనిషి ఆ పని చేశారు. మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ ఒక్క సంగతి దాటేయకండి.

తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర పరిశోధన మొదలుపెట్టారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని నేర్చుకుంటారు. 1927లో కండరాల్లో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో ఏటీపీ గురించి చెప్పారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మన పిల్లలు పొద్దున తిన్న ఇడ్లీ అయినా, ఖిచిడీ అయినా, కార్న్‌ఫ్లేక్స్ అయినా ఒంట్లో చివరికి ఏటీపీ రూపంలోనే ఖర్చవుతుంది. టెన్త్ బయాలజీ పుస్తకంలో ఆ మూడక్షరాలు బట్టీ పట్టే విద్యార్థికి వాటి వెనుక భీమవరం ఉందని చెబితే పాఠం మరిచిపోడు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు వెళ్ళి, అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

పచ్చటి పొడి

ఆ రోజుల్లో ఒక రకం రక్తహీనతకు మందు కాలేయం. రోగులు రోజూ కాలేయం తినాలి, లేదా దాని నుంచి తీసిన సారం వాడాలి. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ గర్భిణుల్లో కనిపించే రక్తహీనత మీద పనిచేస్తూ, ఈస్ట్ సారంతో వాళ్ళు కోలుకోవడం గమనించారు. ఆ సారం పేరు మార్మైట్. ఇంగ్లీషువాళ్ళు పొద్దున బ్రెడ్డు మీద రాసుకునేదే. అందులో ఉన్న తెలియని పదార్థం ఏమిటన్నది ప్రశ్న. 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కొద్దిగా రాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు.

నాలుగు టన్నుల ఆకుకూర ఉడికిస్తే చిటికెడు దొరికే వస్తువు లోకానికి మందు కాలేదు. దాని నిర్మాణం తెలుసుకుని ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. సుబ్బారావు నడిపిన బృందం 1945లో ఆ పని చేసింది. పసుపుపచ్చని పొడిగా ఫోలిక్ యాసిడ్ తయారైంది. అది స్ప్రూ రోగులకు కూడా మందు అయింది. తోడబుట్టినవాళ్ళను తీసుకుపోయిన జబ్బుకు ఆయన ల్యాబు నుంచే మందు వచ్చింది. వాళ్ళకు మాత్రం అందలేదు.

అక్కడితో ఆగలేదు. కణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలు మరీ వేగంగా పెరుగుతాయి కాబట్టి వాటికీ అది కావాలి. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ పని జరగనివ్వని నకిలీని ఇస్తే? తాళంలో వేరే తాళంచెవి ఇరుక్కున్నట్టు కణం ఆగిపోతుంది. సుబ్బారావు బృందం తయారు చేసిన అలాంటి మందు అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. అంతవరకు ఏ మందుకూ లొంగని జబ్బు కొందరిలో కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గింది. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్తక్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు.

బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఇచ్చే డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? ఆ మందు కూడా ఆయన ల్యాబులో పుట్టిందే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. దాన్ని కనుగొన్న బెంజమిన్ డగ్గర్ పనిచేసింది సుబ్బారావు నడిపిన విభాగంలోనే.

అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే సుబ్బారావు చనిపోయారు. వయసు 53. అమెరికా వెళ్ళాక మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆయనకు పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. భార్య శేషగిరి ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఇంత గొప్ప కథలో ఆమె పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆ ఎదురుచూపు బరువు ఎంతో పిల్లలను దూరదేశాలకు పంపిన, పంపాలనుకునే మనకు తెలియనిది కాదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మన వంటింట్లోకి

1991లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఒక సంగతి తేల్చింది. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడని లోపాలు చాలావరకు తగ్గుతాయి. ఇవి ఏర్పడేది గర్భం వచ్చిన మొదటి 28 రోజుల్లో. అప్పటికి చాలామందికి తాము తల్లి కాబోతున్నామనే తెలియదు. అందుకే అమెరికా 1998 నుంచి శుద్ధి చేసిన పిండిలో, దానితో చేసే పదార్థాల్లో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి చేసింది. మన దగ్గర కూడా ఫోర్టిఫైడ్ గోధుమపిండి ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది. అందులో ఐరన్, బి12తో పాటు ఇది ఉంటుంది. పెళ్ళయిన అక్కాచెల్లెళ్ళు, కోడళ్ళు ఇంట్లో ఉంటే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర సంగతి డాక్టర్‌ను ముందే అడగమని చెప్పండి.

అంటే అందరూ కార్న్‌ఫ్లేక్స్ కొనాలనా? అక్కర్లేదు. పాతబస్తీ ఖిచిడీలో పడే ఎర్ర కందిపప్పులో, అదే మసూర్ పప్పులో ఫోలేట్ దండిగా ఉంది. పెసరట్టులో, ఉడికించిన శనగల్లో, పల్లీ చట్నీలో, పాలకూరలో, తోటకూరలో ఉంది. ఆకుకూర ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే సగం పోయినట్టే. డబ్బా కొనే అలవాటుంటే విటమిన్ల పట్టికతో పాటు చక్కెర ఎంత ఉందో కూడా చదవండి. ఆ పక్కన ఒక అరటిపండు పెట్టండి.

కాఫీ, చాయ్ సంగతి. పెద్దల ఇష్టాలు పెద్దలవి. కానీ టిఫిన్‌తో కలిపి తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి తక్కువగా పడుతుంది. గంట ఆగి తాగితే మేలు. పిల్లలకు పొద్దున్నే కాఫీ, చాయ్ అలవాటు చేయకపోవడమే మంచిది. టిఫిన్ మీద కాస్త నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్లన్నీ పిల్లల చేత తిప్పించి ఫోలిక్ యాసిడ్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికించండి. దొరికిన ప్రతిచోటా సుబ్బారావుగారి పేరు చెప్పండి. మా ఇంగ్లీషు క్లాసులో ఆ జాబితా చదివి వినిపించమంటాం.

ఈ సంచికతో పాటే యూనిట్ టెస్టు మార్కుల షీటు కూడా మీ చేతికి వస్తుంది. కొందరి షీటులో ఎర్ర సిరా కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ పిల్లల్ని ఏం చేయాలో వెంకమ్మగారికి తెలుసు. ఆమె కొడుకును వెనక్కి పిలిపించింది, మూడోసారి రాయించింది. మీరు షీటు విప్పే ముందు బిడ్డ పొద్దున ఏమైనా తిన్నాడో లేదో ఒకసారి అడగండి.